కత్తిరించిన సగం

ల్యాబులో అతన్ని అందరూ కత్తెర అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ జీతాల గుమాస్తా తప్ప దాని జోలికి ఎవరూ పోరు. ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు ఓ పెద్ద ఆటల మైదానంలో పచ్చిక చూసేవాడు. ఒక్క పరక పక్కదానికంటే పొడుగ్గా కనిపిస్తే చాలు, ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, ముందు వాళ్ళ పెరట్లోకి వెళ్ళి మొక్కల్ని పరామర్శించి, ఆ తర్వాతే మనుషుల దగ్గరికొచ్చేవాడు. "ఈయన పక్కన పడుకోవాలంటే జడ దిండు కింద దాచుకోవాలమ్మా" అని భార్య నలుగురిలో నవ్వించేది. అతనూ నవ్వేవాడు, లోపల కాస్త గర్వంగానే.

అలాంటి మనిషికి ఏరి కోరి అప్పగించిన పని, బురదని సాకడం.

ల్యాబంటే పొడవాటి రేకుల షెడ్డు. దాని నిండా ఈ కొస నుంచి ఆ కొస దాకా కాలువలాంటి సిమెంటు తొట్టి. తొట్టికి ఒక కొసన గుమ్మమంత ఇనుప పలక ఉంటుంది. మోటారు దాన్ని ముందుకూ వెనక్కూ తోస్తే నీళ్ళలో అలలు లేస్తాయి. చిన్న అల కావాలంటే చిన్నది, తుఫాను కావాలంటే తుఫాను. ఆ మోటారు నడిపే ఆపరేటరుని అలలాయన అంటారు. తొట్టి రెండో కొసన, సముద్రపు ఒడ్డు నుంచి పెళ్ళలు పెళ్ళలుగా కోసి, క్రేనుతో ఎత్తి తెచ్చి పరిచిన అసలు సిసలు చిత్తడి నేల. పైన ఉప్పుగడ్డి, కింద నల్లటి బురద. తుఫాను అలలు మీద పడితే ఈ నేల కోసుకుపోతుందా, నిలుస్తుందా అన్నది తేల్చడం మేడమ్ పని. మేడమ్ అంటే ల్యాబు పెద్ద. వయసులో కత్తెర కంటే బాగా చిన్నది, మాటలో మాత్రం పెద్దరికం. పరీక్ష రోజు వచ్చేదాకా ఆ గడ్డికి ఉప్పునీళ్ళు పెట్టడం, దీపాల వెలుతురు చూడటం, పురుగు పట్టకుండా కాపాడటం కత్తెర పని.

ఆ బురద ఎక్కడిదో కాదు. కత్తెర పుట్టి పెరిగిన వాడ ముందున్నదే. వాడకీ సముద్రానికీ మధ్య ఉన్నదల్లా ఆ చిత్తడే. దాన్ని పూడ్చి రాతిగోడ కట్టాలని పట్నం కమిటీ ఆలోచన. గోడ కడితే దాని వెనక రోడ్డు వేస్తారు, రోడ్డు వేస్తే వాడలో ఇళ్ళన్నీ లేచిపోవాలి. చిత్తడే తుఫానుకి ఆగుతుందని ల్యాబులో తేలితే గోడా ఉండదు, ఇళ్ళు లేవడమూ ఉండదు. ఆ ఇళ్ళలో ఒకటి కత్తెర అక్కది.

అక్క పీతలు పట్టి బతుకుతుంది. పెళ్ళలు కోయడానికి క్రేను వచ్చిన రోజు మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, "ఇక్కడ కొయ్యండి బాబూ, ఇక్కడ వేళ్ళు గట్టిగా ఉంటాయి" అని చోటు చూపించింది ఆమే. వాడలో జనం భయపడుతుంటే, "అక్కడ చూసుకునేది మా తమ్ముడేగా, ఇంక మీకెందుకు దిగులు?" అని ధైర్యం చెప్పింది. కానీ ల్యాబు వాళ్ళ దగ్గర మాత్రం తమ్ముడి ఊసెత్తలేదు. ఎత్తొద్దని కత్తెరే చెప్పాడు.

"మనం మనం ఒకటని తెలిస్తే పక్షపాతం అంటారక్కా. పరీక్ష మీద నమ్మకం పోతుంది."

"అవునురా, అదీ నిజమే" అంది అక్క. ఆ రహస్యాన్ని ఆమె పెద్ద బాధ్యతలా మోసింది. మేడమ్ ఎదురుపడితే పెదాలు బిగించుకునేది.

పక్షపాతం మాట వట్టిదే. అసలు సంగతి అతనికి బాగా తెలుసు. చిన్నప్పుడు బడిలో తన పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకున్న రోజు నుంచీ అతనికి ఆ బురద అంటే ఒళ్ళు చీదర. ఎంత తోమినా పోని ఆ వాసన నుంచి పారిపోయి, గీత గీసినట్టుండే పచ్చిక మధ్య మనిషయ్యాడు. ఇప్పుడా బురదే వెతుక్కుంటూ ల్యాబు దాకా వచ్చింది. దాని వెనకే అక్క కూడా వస్తే, కత్తెర ఎక్కడి నుంచి వచ్చాడో అందరికీ తెలిసిపోతుంది.

పరీక్షకి కొన్నాళ్ళ ముందు కమిటీ ఛైర్మన్ తన మనుషులతో తొట్టి చూడ్డానికి వచ్చాడు. తొట్టి పక్కగోడకి ఒకచోట పెద్ద అద్దం బిగించి ఉంటుంది, లోపల జరిగేది కనపడటానికి. ఛైర్మన్ అందులోంచి తొంగి చూశాడు. గడ్డి సగం పచ్చగా, సగం ఎండి, ఒకదాని మీద ఒకటి వాలి, చిందరవందరగా ఉంది.

"ఏంటండీ ఇది? చిత్తడి చిత్తడి అని ఊదరగొట్టారు. మా ఇంటి వెనక చెత్తకుప్ప ఇంతకంటే నయం!"

అందరూ గొల్లుమన్నారు. వాళ్ళలో ఒకాయన పైపు పట్టుకుని నిలబడ్డ కత్తెర వైపు చూసి, "దీనికి మళ్ళీ చూసుకునే మనిషి కూడానా!" అన్నాడు. మేడమ్ ఏదో సర్దిచెప్పింది గానీ కత్తెరకి వినపడలేదు. తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో అతని చేతికింది పచ్చికని చెత్తకుప్ప అన్న మొనగాడు లేడు.

ఆ మాట అతన్ని నమిలేసింది. పరీక్ష రేపనగా మేడమ్ కమిటీ ఆఫీసుకి వెళ్ళింది. అలలాయన మోటారు దగ్గర నూనెలో చేతులు ముంచుకుని ఉన్నాడు. కత్తెర నిచ్చెన వేసుకుని తొట్టిలోకి దిగాడు. వాలిపోయిన పరకల్ని సమంగా కత్తిరించాడు. దంతె తీసుకుని, నేలకి అంటుకున్న ఎండుగడ్డినంతా బరబరా గీకి లాగేశాడు. మైదానంలో ఏటా చేసే పనే అది. ఎండుగడ్డి తీసేస్తే నేలకి ఊపిరాడుతుందని అక్కడ అతనే కొత్తవాళ్ళకి నేర్పేవాడు. అద్దానికి ఎదురుగా ఉన్న సగం పూర్తయ్యేసరికి నీళ్ళు నింపే వేళయింది. వెనక సగం ఎటూ ఎవరికీ కనపడదులే అనుకున్నాడు. కోసిన గడ్డిని గోనెసంచుల్లో కుక్కి బయట పారేసి వచ్చి, అద్దంలోంచి చూసుకుని మురిసిపోయాడు. మేడమ్ తిరిగొచ్చేసరికి తొట్టి నిండా మురికినీళ్ళు.

మర్నాడు అందరికంటే ముందు అక్క వచ్చింది.

ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది. గేటు దగ్గర ఆమెని చూడగానే కత్తెర చూపు నేరుగా కాళ్ళ మీదకి పోయింది. చెప్పుల్లో ఆమె మడమల పగుళ్ళు నల్లగా ఉన్నాయి. గోళ్ళ చుట్టూ నల్లటి గీతలు. కాపలాదారు దగ్గరికొచ్చి, "ఎవరు బాబాయ్ ఆవిడ?" అని అడిగాడు.

"ఎవరో, ఆ వాడ నుంచి వచ్చింది" అన్నాడు కత్తెర గొంతు తగ్గించి.

తర్వాత ఆమెని షెడ్డులోకి తీసుకెళ్ళి, లావుపాటి నీటిపైపుల వెనకున్న మెట్టు చూపించాడు. "పెద్దవాళ్ళు వస్తున్నారక్కా. అద్దం దగ్గర చోటు చాలదు. నువ్విక్కడ కూర్చో."

అక్కడి నుంచి కనపడేది పైకప్పు రేకులు మాత్రమే.

"నాకేంరా, చప్పుడు వినిపిస్తుందిగా" అని అక్క కూర్చుంది. కూర్చుని, కాళ్ళు వెనక్కి లాక్కుని బట్టల అంచు కిందకి సర్దుకుంది. అతను అది చూశాడు. చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు.

రాత్రికి రాత్రి మురికి అడుక్కి దిగి తొట్టిలో నీళ్ళు తేటబడ్డాయి. ఛైర్మన్ అద్దం ముందుకొచ్చి, "అరె, ఈసారి నీటుగా ఉందే!" అన్నాడు. కత్తెర ఛాతీ ఉబ్బింది. అతని సంతోషం అంతవరకే. మేడమ్ పొద్దున్నుంచీ అవతలి కొసన మోటారు గదిలో మీటర్ల ముందే ఉంది. అలలాయన మీట నొక్కాడు.

మొదట చిన్న అలలు. గడ్డి కుదురుగా నిలబడింది. తర్వాత పెద్దవి. కత్తెర నిచ్చెన మీద నుంచి చూస్తే, అద్దానికి అందని వెనక సగంలో గడ్డి అలతో పాటు వంగి, లేచి, మళ్ళీ వంగుతోంది. ఇంకా పెద్ద అలలు వచ్చాక అందులో చాలా కాడలు పుటుక్కున విరిగాయి. విరిగి ఎక్కడికీ పోలేదు. నేల మీద చాపలా పరుచుకున్నాయి. పాత ఎండుగడ్డి, కొత్తగా విరిగిన కాడలు, అన్నీ కలిసి బురదని కప్పేశాయి. వాటి మీదుగా అల జారిపోతోంది. ముందు సగంలో వంగడానికి ఏమీ లేదు, పరుచుకోవడానికీ లేదు. అల సరాసరి నేలనే కొట్టింది. దంతె పళ్ళు గీకిన గీతల్లో నీళ్ళు దూరాయి. గీతలు చాళ్ళయ్యాయి, చాళ్ళు గుంటలయ్యాయి. ఓ పెద్ద పెళ్ళ ఊడి దొర్లుకుంటూ వచ్చి అద్దానికి కొట్టుకుంది. నీళ్ళు నల్లబడిపోయాయి.

ఏం జరిగిందో ఆ షెడ్డులో అందరికంటే ముందు అర్థమైంది కత్తెరకే. మైదానంలో చెత్త అనుకున్నదే ఇక్కడ నేలకి దుప్పటి. దాన్ని తన చేత్తో లాగి పారేశాడు.

"చూశాంగా" అన్నాడు ఛైర్మన్ రుమాలుతో చేతులు తుడుచుకుంటూ. "మొలకలతో సముద్రాన్ని ఆపుతారట. గోడే గతి."

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట చాలు. కత్తెర చెప్పలేదు. ఆయన బూట్ల చప్పుడు గేటు దాటేదాకా అలాగే నిలబడ్డాడు. పైపుల వెనక నుంచి అక్క లేచి వచ్చి, "ఏమైందిరా? నిలిచిందా?" అని అడిగితే, "తర్వాత చెప్తాలే, నువ్వెళ్ళు" అని పంపేశాడు.

నీళ్ళు తోడేశాక మేడమ్ బూట్లు వేసుకుని తొట్టిలోకి దిగింది. విరిగిన కాడలూ తెగిన మొదళ్ళూ బురద పూసుకుని అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆమె అటూ ఇటూ తిరిగింది, వంగి చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒకటే తొట్టి, ఒకటే అల. వెనక సగం చెక్కుచెదర్లేదు. ముందు సగం ఎందుకు పోయింది?" కాలితో ఓ పెళ్ళని కదిపి తనే అంది, "పెళ్ళల్లోనే తేడా ఉండాలి. ఆ పీతలావిడ చూపించిన చోట్లో కొంత ఎప్పుడో తవ్వి పూడ్చిందేమో. మీరేమంటారు?"

ఇంత చదువుకున్న మనిషి తన మాట అడిగింది.

"అయ్యుండొచ్చు మేడమ్" అన్నాడు కత్తెర.

అన్నాక తన నోటిని తనే నమ్మలేకపోయాడు. తప్పు చేసి ఊరుకోవడం ఒక ఎత్తు. దాన్ని తీసుకెళ్ళి అక్క నెత్తిన పెట్టడం ఇంకో ఎత్తు. ఆ రోజు అద్దంలో తన నీడ కనపడితే తల తిప్పుకున్నాడు.

సంగతి వాడకి పాకింది. సెలవు రోజున అతను అక్క ఇంటికి వెళ్ళాడు. చెప్పేయాలనే వెళ్ళాడు. దారిలో మాటలు కూడా పేర్చుకున్నాడు. వాడ మొదట్లో కూర్చున్నవాళ్ళు అతన్ని పలకరించారు గానీ, అక్క గుమ్మం వైపు చూసి మొహాలు తిప్పుకున్నారు. అక్క లోపల పీతల బుట్ట బాగుచేసుకుంటోంది. అతన్ని చూడగానే గబగబా లేచి, పీట తుడిచి వేసింది.

"నన్ను తిట్టరా తమ్ముడూ" అంది.

"ఎందుకక్కా?"

"పాడు చోటు చూపించానంట. పుట్టిన దగ్గర్నుంచీ తిరుగుతున్నా, ఆ నేల నాకు తెలుసనుకున్నా. తెలిసి చావలేదు. అందరి కొంపా ముంచాను." "నీ ఉద్యోగానికేం కాదు కదా? నా మూలంగా నీకు మాట రాలేదు కదా?"

కత్తెరకి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. "ఏం కాదులే" అన్నాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కడిగిచ్చి వచ్చేశాడు. దారంతా తనని తాను బూతులు తిట్టుకుంటూనే ఉన్నాడు. అది కూడా మనసులోనే, బయటికి కాదు. అంత పిరికివాడు.

గోడ సంగతి తేల్చడానికి కమిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. వాడ జనం వెనక బెంచీల్లో సర్దుకున్నారు. మేడమ్ ముందు వరసలో, ఆమె పక్కన కత్తెర, అలలాయన. ఛైర్మన్ రెండు ముక్కలు మాట్లాడి, "ఇంకెవరైనా చెప్పేదుందా?" అన్నాడు, ఉండదన్నట్టు కాగితాలు సర్దుకుంటూ.

వెనక నుంచి అక్క లేచింది.

"అయ్యా, చోటు చూపించింది నేను. పాడు చోటు చూపించింది నేను. నేల తప్పు కాదయ్యా, నా తప్పు. ఇంకోచోట కోసుకుని మళ్ళీ చూడండి. నా ఒక్కదాని బుద్ధితక్కువకి ఇంతమందిని లేపకండి."

అంతమంది ముందు చేతులు జోడించి నిలబడింది. చెయ్యని తప్పుకి.

తను ఎప్పుడు లేచాడో కత్తెరకి తెలియదు. "ఆవిడ తప్పు కాదు" అన్న మాట మాత్రం వినపడింది, అది తన గొంతే.

"చోటు మంచిదే. పరీక్ష ముందు రోజు నేనే దిగి, అద్దం ముందున్న గడ్డినంతా కత్తిరించాను. ఎండుగడ్డి దంతెతో లాగేశాను. మీకు నీటుగా కనపడాలని. లాగేసిన మేరే కొట్టుకుపోయింది. ముట్టుకోని మేర నిలిచింది."

ఛైర్మన్ పకపకా నవ్వాడు. "అంటే సముద్రానికి క్షవరం చేశావా!" హాలంతా నవ్వింది. వెనక బెంచీల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. కత్తెర చెవులు కాలిపోతున్నాయి. అయినా కూర్చోలేదు. ఇంకొకటి మిగిలిపోయింది.

"ఆవిడ మా అక్క" అన్నాడు.

మేడమ్ కూడా నవ్వలేదు. అతని మొహంలోకి చూసి, "నేను అడిగినప్పుడు 'అయ్యుండొచ్చు' అన్నారు" అంది మెల్లగా. అంతే. కోప్పడినా బాగుండేది. కత్తెర తలొంచుకున్నాడు. ఆమె లేచి ఛైర్మన్‌తో చెప్పింది: పాత చోటు నుంచే కొత్త పెళ్ళలు తెస్తాం, ఒక సగం గడ్డి తీసేస్తాం, ఒక సగం వదిలేస్తాం, మీరంతా వచ్చి రెండూ చూడండి, అప్పటిదాకా గోడ మాట ఎత్తొద్దు. వాడ జనం లేచి నిలబడేసరికి ఛైర్మన్‌కి ఒప్పుకోక తప్పలేదు.

బయటికొచ్చాక అక్క కోసం వెతికాడు. ఆమె అప్పటికే వాడవాళ్ళతో కలిసి వెళ్ళిపోయింది.

కొత్త పెళ్ళలు వచ్చాయి. ఈసారి వెనక సగాన్ని చూడ్డానికి కూడా అద్దం బిగించారు. పరీక్షకి ముందు మేడమ్ దంతె తెచ్చి కత్తెర చేతికిచ్చింది. "అప్పుడు ఎలా చేశారో అలాగే చెయ్యాలి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. అది మీకే తెలుసు." ఆమె ఎగతాళిగా అనలేదు, పనిగా అంది. అలలాయనా, సిబ్బందీ చూస్తుండగా అతను తొట్టిలోకి దిగాడు. ఒకప్పుడు మురిసిపోతూ చేసిన పనినే ఇప్పుడు ఒక్కొక్క పరకా కోస్తూ చేశాడు. గడ్డి వంకరగా తెగింది. జీవితంలో మొదటిసారి దాన్ని సరిచెయ్యలేదు.

పరీక్ష వేళకి అక్క వచ్చింది. కత్తెర గేటు దాకా ఎదురెళ్ళాడు. "మా అక్క" అని కాపలాదారుకి అడగకుండానే చెప్పాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రెండు అద్దాలకీ మధ్య, ఛైర్మన్ పక్కనే నిలబెట్టాడు. ఆమె కొంచెం ఒదిగి నిలబడింది. అతనితో పొడిగా తప్ప మాట్లాడలేదు.

అలలు మొదలయ్యాయి. కత్తిరించిన సగం ముందులాగే గుంటలు పడి, పెళ్ళలుగా ఊడి, నీళ్ళలో కలిసిపోయింది. రెండో అద్దంలో గడ్డి వంగింది, విరిగింది, పడుకుంది. దాని కింద నేల కదల్లేదు. అలలాయన తన మోటారుకి చేతనైనంత పెద్ద అల తోశాడు. అది కూడా దాని మీద నుంచి జారి వెనక్కి పోయింది. ఛైర్మన్ ఈ అద్దం నుంచి ఆ అద్దానికి, ఆ అద్దం నుంచి ఈ అద్దానికి తిరిగాడు. జోకులేమీ వెయ్యలేదు. చివరికి మేడమ్ దగ్గరికెళ్ళి, "గోడ సంగతి ఆపుదాం లెండి" అన్నాడు. వాడ జనం కేకలు పెట్టారు. ఎవరో వెనక నుంచి అక్క భుజం తట్టారు.

అక్క అద్దం ముందు నుంచి కదల్లేదు. ఆ చప్పుడులో, తమ్ముడికి మాత్రమే వినపడేలా అంది.

"ఒరేయ్, గడ్డి సంగతి అందరిలో ఒప్పుకున్నావు. బానే ఉంది. మరి ఆ రోజు నన్ను ఆ పైపుల వెనక ఎందుకు కూర్చోబెట్టావు?"

చోటు చాలలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కత్తెర దాన్ని మింగేశాడు.

"సిగ్గేసిందక్కా" అన్నాడు. "నీ కాళ్ళకి బురద ఉందని."

అల వచ్చి అద్దానికి కొట్టుకుని వెళ్ళింది. అక్క అతని వైపు తిరగలేదు. లోపల పడుకున్న గడ్డినే చూస్తూ అంది.

"కడుక్కునే వచ్చానురా ఆ రోజు. రెండుసార్లు కడుక్కున్నా."